నిలిపి ఉంచిన కారు బ్యాటరీకి ఏది మేలు: వారం వారం స్టార్ట్ చేయడమా, మైనస్ వైరు తీయడమా, ఛార్జరా?

అనంతపురంలో ఇల్లు, బెంగళూరులో ఉద్యోగం ఉన్న కుటుంబాలు మా వీధిలోనే అరడజను ఉన్నాయి. కారును ఇక్కడ పెద్దవాళ్ల దగ్గర వదిలి వెళ్లి, రెండు నెలల తరువాత పండుగకు వచ్చి తాళం తిప్పితే, సెల్ఫ్ టక్కుటక్కుమని ఆగిపోవడం వీరందరికీ అనుభవమే. వేసవి వచ్చినప్పటి నుంచి నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు: వారానికోసారి ఎవరిచేతనైనా స్టార్ట్ చేయించాలా, మైనస్ వైరు తీసి పెట్టాలా, లేక ఛార్జర్ కొనాలా? మా ఇంటి కారుకు ఈ మూడూ వంతులవారీగా చేసి చూశాను కనుక, తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ఒక్కటే అంశం. కారు ఎన్ని రోజులు నిలిచిందన్నది కాదు, ఆ రోజుల్లో బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నదన్నది. కారును కొన్ని గంటలు కదలకుండా ఉంచి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు లేదా ఆ పైన చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగానికి వచ్చినట్టు, 12 కంటే దిగితే దాదాపు అడుగంటినట్టు. ఛార్జ్ తగ్గేకొద్దీ లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది కరిగిపోతుంది కానీ, వారాల తరబడి అలాగే వదిలితే గట్టి స్ఫటికాలుగా మారి, తరువాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా కరగదు. బ్యాటరీ ‘చచ్చిపోవడం’ అని మనం అనేది చాలాసార్లు ఇదే. వేడి ఈ పనిని వేగిరం చేస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగం కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో, రేకుల షెడ్డు కింద నిలబెట్టిన కారు బ్యాటరీ, బెంగళూరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్నదానిలా ఎక్కువకాలం ఓర్చుకోలేదు.

ఈ కొలతతో చూస్తే, అందరూ చేసే మొదటి పద్ధతే అన్నిటికంటే బలహీనమైనది. తాళం తీసేసిన తరువాత కూడా కారులో అలారం, సెంట్రల్ లాక్, గడియారం, కంప్యూటర్ జ్ఞాపకం వంటివి సాధారణంగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల వరకు కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. 25 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా వారానికి 4.2 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్) పోతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నెల తిరిగేసరికి సగానికి వస్తుంది. సెల్ఫ్ కొట్టడానికి పోయేది నిజానికి చాలా తక్కువ, ఎందుకంటే 150 ఆంపియర్లు లాగినా అది రెండు క్షణాల పనే. అసలు చిక్కు తరువాతి పది నిమిషాల్లో ఉంది. కారు కదలకుండా ఇంజన్ ఊరకే తిరిగేటప్పుడు (ఐడ్లింగ్), బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పూర్తి శక్తితో పనిచేయదు. ఆ కొద్ది సమయంలో వారం నష్టంలో సగం తిరిగి రావడమే గొప్ప, ఏసీ వేసుకుని కూర్చుంటే అదీ రాదు. మా నాయన ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం తప్పకుండా ఈ పని చేశారు, అయినా బ్యాటరీ పోయింది. “వారం వారం సెల్ఫ్ కొడ్తానే ఉండా కదప్పా, ఎట్ల పాయె?” అని ఆయన బాధపడితే, ఆయన తప్పేమీ లేదని చెప్పడానికే నేను ఈ లెక్క వేయడం మొదలుపెట్టాను. పైగా ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆపేయడం వల్ల సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ తేమ చేరుతుంది.

స్టార్ట్ చేసి ఊరకే ఆపకుండా, 44వ నంబరు జాతీయ రహదారి మీద రాప్తాడు దాటి వెళ్లి వస్తే మాత్రం సంగతి వేరు. అరగంట, ముప్పావుగంట ప్రయాణం బ్యాటరీకి, టైర్లకు, బ్రేకులకు అన్నిటికీ మంచిదే. అయితే కార్లలో మామూలుగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ ముప్పావు వంతు వరకు త్వరగా నిండుతుంది కానీ, మిగిలిన పావు వంతు నిండడానికి గంటలు పడుతుంది. కాబట్టి బాగా దిగిన బ్యాటరీని ఒక్క ప్రయాణం నింపలేదు. ఇంట్లో నమ్మకంగా నడిపే మనిషి ఉంటే ఈ మార్గం చాలు. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లను ఇందుకోసం హైవే మీదకు పంపడం నాకు ఇష్టం లేదు.

నేను మొగ్గేది మైనస్ వైరు తీసిపెట్టడానికే. కారు రెండు మూడు వారాలకు మించి కదలదని తెలిసినప్పుడు దీనికి సాటి వచ్చే చౌక మార్గం లేదు. చాలా కార్లకు పదో నంబరు స్పానర్ ఒక్కటి చాలు. ఇలా చేస్తే బయటి వాడకం పూర్తిగా ఆగిపోయి, బ్యాటరీ తనంతట తాను కోల్పోయేదే మిగులుతుంది. షరతు ఒక్కటే, తీసేముందు బ్యాటరీ నిండుగా ఉండాలి. సగం దిగిన బ్యాటరీకి వైరు తీసి వెళ్లిపోతే, ఆ సగంతోనే అది ఎండకాలమంతా గట్టిపడుతుంది. కనుక ముందురోజు బ్యాటరీ షాపులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టించడమో, బెంగళూరు నుంచి నడుపుకొచ్చిన రోజే వైరు తీయడమో చేయాలి. మూతలున్న బ్యాటరీ అయితే నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. మన బోరునీళ్లలోని లవణాలు పలకలను పాడుచేస్తాయని తెలియక, బిందెలోని నీళ్లు పోసినవాళ్లను నేను చూశాను.

ఈ పద్ధతికి ఇబ్బందులు లేకపోలేదు. గడియారం, రేడియో స్టేషన్లు మళ్లీ పెట్టుకోవాలి. కొన్ని కార్లలో అద్దాలు ఒక్క నొక్కుతో పైకి వెళ్లే సౌకర్యాన్ని మళ్లీ నేర్పించాలి. అలారం పనిచేయదు కాబట్టి, వీధిలో నిలిపే కారుకు ఇది ఆలోచించవలసిన విషయమే. రిమోట్ కూడా పనిచేయదు కనుక, డ్రైవర్ తలుపు తాళంచెవితో తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి, ఎందుకంటే ఏళ్లుగా వాడని తాళం రంధ్రంలో దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉండవచ్చు. డిక్కీ కరెంటు మీటతోనే తెరుచుకునే కారైతే స్పానర్‌ను డిక్కీలో పెట్టకూడదు. హైబ్రిడ్ కార్లకు మాత్రం కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉన్నట్టే చేయాలి.

సొంత గ్యారేజీ, చేతికందే దూరంలో ప్లగ్గు ఉన్నవాళ్లకు స్మార్ట్ ఛార్జర్ నిస్సందేహంగా మేలైనది. 14.4 వోల్టుల దగ్గర నింపి, నిండిన తరువాత 13.5 ప్రాంతానికి తానే దిగి అక్కడే నిలుపుతుంది. అలారం పోదు, సెట్టింగులు పోవు. అయితే తానే తగ్గే గుణం లేని పాత రకం ఛార్జర్‌ను రోజుల తరబడి వదిలేస్తే నీరు ఆవిరై, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని గదిలో అది ప్రమాదం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నెలల తరబడి దేన్నైనా ప్లగ్గులో వదలడానికి నాకు మనసొప్పదు.

ఇక మిగిలినవి. వేరే కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే జంపర్ కేబుల్, చేతిలో పట్టే జంప్ స్టార్టర్ బ్యాటరీ దిగిన తరువాత పనికొచ్చేవే కానీ దిగకుండా ఆపేవి కావు. కారు మీద కవరు కప్పేవాళ్లకు చిన్న సోలార్ పలక దండగ. డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ ఉంటే తీసేయాలి. ఫాస్టాగ్‌కు కారు కరెంటుతో పనే లేదు, దాని గురించి బెంగ వద్దు.

మా ఇంట్లో ఇప్పుడు నేను వచ్చిన ప్రతిసారీ రాత్రికి స్మార్ట్ ఛార్జర్ పెట్టి, వెళ్లే రోజు ఉదయం మైనస్ వైరు తీసి, దాని కొసకు పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి వెళ్తున్నాను. వేసవిలో రెండు నెలలకు మించి ఆ బ్యాటరీని ఛార్జింగ్ లేకుండా ఉంచడం లేదు. ప్లస్ వైపు కూడా తీయవలసి వస్తే ఎప్పుడూ మైనసే ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనసే చివర బిగించాలి. మైనస్ తగిలి ఉండగా ప్లస్ మీద పెట్టిన స్పానర్ బాడీకి తాకితే నిప్పురవ్వలు లేస్తాయి. మా నాయనకు చూపించిందీ ఈ ఒక్క జాగ్రత్తే. ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే ఆయనే రెండు నిమిషాల్లో వైరు తగిలించుకుంటారు. ఆ స్పానర్‌ను ఇంటి తాళాల పక్కనే మేకుకు తగిలించి ఉంచాం.