3060 12 జీబీ: షేడర్లు తక్కువే, కానీ మెమరీ నిలబెట్టింది

ఫ్యాన్ సౌండు, బాక్సులో ఏమేం వచ్చినాయి, అవన్నీ రాయను, యూట్యూబ్‌లో కావాల్సినన్ని ఉన్నాయి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 అని, గేములాడే కంప్యూటర్లో బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు ఇది, చానా కాలంగా వాడతా ఉండా, దీంట్లో నాకు తెగ నచ్చింది ఒకటే, ఆ 12 జీబీ మెమరీ.

మా చిన్నాన్న కొడుకు దీనికి పైమెట్టు 3060 టీఐ తీసుకున్నాడు, దాంట్లో మెమరీ 8 జీబీ. వాడి కార్డులో షేడర్లు (బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 4864, నా దాంట్లో 3584, బస్సు (మెమరీకీ చిప్పుకీ మధ్య దారి వెడల్పు) కూడా వాడిది 256 బిట్, నాది 192. "నీది స్లో అన్నా" అని ఎప్పుడూ అంటా ఉంటాడు. నిజమే, చాలా గేముల్లో సెకనుకు వచ్చే ఫ్రేములు వాడికే ఎక్కువ.

పోయిన ఎండాకాలం వాడు సీపీయూ డబ్బా ఎత్తుకోని తిరుపతి కొర్లగుంటలో మా ఇంటికొచ్చినాడు, రెండూ పక్కపక్కన పెట్టి 2023లో వచ్చిన ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ వేసినాం, స్క్రీన్ రిజల్యూషన్ 1080పీ, టెక్స్చర్లు (గోడలు, నేల మీద వేసే బొమ్మలు) అన్నిటికన్నా పైదైన అల్ట్రాలో. బయట మైదానంలో వాడిదే స్పీడు. ఊర్లోకి అడుగు పెట్టేసరికి వాడి స్క్రీన్ పట్టి పట్టి కదల్తా ఉంది, గోడ మీద రాళ్ళ గీతలన్నీ మసకైపోయి, దగ్గరికి పోయి కాసేపు నిల్చుంటే గానీ తెలీలా. కార్డు వాడకం చూపించే ఆఫ్టర్‌బర్నర్‌ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే వాడి మెమరీ 8 జీబీకి ఆనుకోనుంది, నాది 9 దాటింది (ఆ నంబరంతా వాడకం కాదులే, గేమ్ ముందే పట్టి పెట్టుకున్నది కూడా అందులో ఉంటాది), కానీ నా ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టే టైము) గీత మాత్రం దాదాపు కదల్లా. "ఏంనా ఇది" అని వాడు రెండు స్క్రీన్లూ మార్చి మార్చి చూసినాడు.

సంగతేందంటే కార్డు మెమరీ నిండితే మిగిలింది కంప్యూటర్ మామూలు ర్యామ్‌లోకి పోతాది. వాడి కార్డు మెమరీ సెకనుకు 448 జీబీ అందిస్తాది, ర్యామ్ నుంచి రావాలంటే కార్డు గుచ్చే పీసీఐఈ స్లాట్ దాటాల, వాడి పాత మదర్‌బోర్డులో ఆ స్లాట్ పాత తరం జెన్ 3 కాబట్టి సెకనుకు దాదాపు 16 జీబీయే. తిరుమలలో లడ్డూ కౌంటర్లు ఎన్ని తెరిచినా పోటు (గుడి వంటశాల) నుంచి లడ్డూలు రాకపోతే క్యూ కదలదు కదా, షేడర్ల కథా అంతే.

అయితే టెక్స్చర్లు అల్ట్రా నుంచి హై కి దించగానే వాడి కార్డు మళ్ళీ నన్ను దాటేసింది, బొమ్మలో తేడా కూడా గోడ దగ్గరికి పోతే తప్ప పెద్దగా లేదు. ఇంకోటి, ఇంకా పెద్ద రిజల్యూషన్ 1440పీలో రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా లెక్కేసేది) వేస్తే నా దాంట్లో మెమరీ మిగిలే ఉంటాది, ఫ్రేములు మాత్రం పడిపోతాయి, అక్కడ షేడర్లే చాలవు, 12 కాదు 24 జీబీ ఉన్నా అంతే.

నేను ఆడేది 1080పీలో కథ ఉండే గేములు, కార్డు ఊరికే మార్చేవాణ్ణి కాదు, అందుకే నాకు సరిపోయింది. వాలరెంట్ లాంటి ఆన్‌లైన్ షూటింగ్ గేములే ఆడేవాళ్ళైతే షేడర్లు ఎక్కువున్నదే తీసుకోండి, ఆ గేములకు ఇంత మెమరీ అక్కర్లా. సెకండ్ హ్యాండ్‌లో 3060 చూసేవాళ్ళు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ వేసి మెమరీ సైజు, బస్సు రెండూ చూసుకోండి, 2022 చివర్లో 8 జీబీది కూడా వచ్చింది, షేడర్లు అవే 3584 గానీ బస్సు 128 బిట్టే, పేరు మాత్రం రెండింటికీ ఒకటే.