తీరప్రాంత చిత్తడి నేలలు: పడవలోనా, కాలినడకనా?

ఖర్చు: నడకకు దాదాపు ఏమీ కాదు. పడవకు అద్దె తప్పదు, నలుగురు కలిస్తే భారం తగ్గుతుంది.

శ్రమ: పడవలో కూర్చుంటే చాలు. గట్టు మీద నడకంటే ఎండ, దోమలు, జారే బురద. చెప్పులతో వెళ్తే ఒకటి బురదలోనే ఉండిపోతుంది, నాకు జరిగింది.

అసలు తేడా ఆటుపోట్ల దగ్గరే. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది కాబట్టి నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు, రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీళ్లు పూర్తిగా తీసినప్పుడు పిట్టలు దూరంగా బురద మేటల మీద మేస్తుంటాయి, పోటు ఎక్కేకొద్దీ ఒడ్డు వైపు వచ్చేస్తాయి, అప్పుడు గట్టు మీద కదలకుండా నిలబడితే అవే దగ్గరికొస్తాయి. పడవకు మాత్రం పాయల్లో నీళ్లుండాలి, లేకపోతే ఇరుక్కుంటుంది.

రిస్క్: పడవలో లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కొద్దు. నడకలో మెత్తటి బురద, వెనక నుంచి కమ్ముకొచ్చే పోటు.

బైనాక్యులర్స్: ఊగే పడవలో 10x42 (పది రెట్లు పెద్దగా చూపేది) కంటే 8x42 (ఎనిమిది రెట్లు చూపేది) నయం, బొమ్మ తక్కువ వణుకుతుంది.

మడ అడవుల లోపలి పాయలు చూడాలన్నా, పెద్దవాళ్లు వెంట ఉన్నా పడవే. పిట్టల్ని తీరిగ్గా గుర్తుపట్టాలన్నా, బురదలో మొప్పల దగ్గరి రెక్కలతో గెంతే మడ్‌స్కిప్పర్ చేపల్ని వంగి చూడాలన్నా నడకే. నేనైతే పదిసార్లలో ఎనిమిదిసార్లు నడుస్తాను.