గవర్నర్ మేలా, సొలనాయిడ్ మేలా? ఒకే గేర్‌బాక్స్‌కు రెండు రకాల అదుపు

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు హైడ్రాలిక్ (నూనె ప్రెషర్‌తో నడిచే) అదుపు మంచిదా, ఎలక్ట్రానిక్ అదుపు మంచిదా అనే చర్చ తరచూ పక్కదారి పడుతుంది. పోలికకు తీసుకునే రెండూ సాధారణంగా వేర్వేరు కంపెనీలవో, వేర్వేరు కాలాలవో అయి ఉండడమే అందుకు కారణం. న్యాయంగా తూచాలంటే లోపలి యంత్రాంగం దాదాపు ఒకటే అయి, అదుపు మాత్రమే మారిన జంట కావాలి. అలాంటిది జనరల్ మోటార్స్ దగ్గర దొరుకుతుంది. 1982లో వచ్చిన 700ఆర్4 అనే గేర్‌బాక్స్‌కు 1990లో 4ఎల్60 అని పేరు మార్చారు. 1993 నుంచి దాన్నే ఎలక్ట్రానిక్ అదుపుతో 4ఎల్60-ఇ పేరిట తయారు చేశారు. మొదటి గేరు నుంచి నాలుగో గేరు వరకు 3.06, 1.63, 1.00, 0.70 అనే నిష్పత్తులు రెండింటిలోనూ అవే.

ఎలక్ట్రానిక్ అనగానే లోపల నూనెతో పని లేదనుకునేవారున్నారు. నిజానికి కొత్తదానిలోనూ క్లచ్ ప్లేట్లను అదిమిపట్టేది ఆయిల్ ప్రెషరే. పంపు, నూనెను దారి మళ్లించే వాల్వ్ బాడీ, పిస్టన్లు అన్నీ ఉంటాయి. ఏ గేరు ఎప్పుడు పడాలో, ఎంత బిగువుగా పడాలో తేల్చే పెద్దరికం మాత్రమే చేతులు మారింది.

పాతదానిలో ఆ పెద్దరికం గవర్నర్‌ది. గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లే షాఫ్టు ఒక చిన్న నైలాన్ పళ్లచక్రం ద్వారా దీన్ని తిప్పుతుంది. బండి వేగం పెరిగేకొద్దీ గవర్నర్ బరువులు బయటికి విచ్చుకుని, అది పంపే ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది. ఈ ప్రెషర్ షిఫ్ట్ వాల్వ్‌ను ఒకవైపు నుంచి నెడుతుంటే, అవతలి నుంచి ఒక స్ప్రింగు, దానికి తోడు యాక్సిలరేటర్ కేబుల్ లాగినకొద్దీ పెరిగే మరో ప్రెషర్ అడ్డుకుంటాయి. గవర్నర్‌ది పైచేయి అయిన క్షణాన వాల్వ్ జరిగి పై గేరు పడుతుంది. పెడల్ గట్టిగా తొక్కితే గేరు ఆలస్యంగా పడేది అందుకే. వాల్వ్ బాడీని విప్పితే చెదలు తొలిచిన చెక్కలా మెలికలు తిరిగిన కాలువలు కనిపిస్తాయి. గేరు మార్చడానికి ఒక్క తీగ కూడా అక్కర లేకుండా, స్ప్రింగులూ నూనే కలిసి లెక్క తేల్చే ఆ పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే కన్వర్టర్ క్లచ్ బిగియడానికి మాత్రం అందులోనూ కరెంటు కావాలి.

అయితే గవర్నర్‌కు తెలిసింది వేగం ఒక్కటే, కేబుల్‌కు తెలిసింది పెడల్ ఒక్కటే. నూనె చల్లగా ఉందో, మరిగిపోతోందో ఆ రెండింటికీ తెలియదు. 4ఎల్60-ఇలో కంప్యూటర్ ఇవన్నీ సెన్సార్ల ద్వారా చూస్తుంది. నూనె మరీ వేడెక్కితే కన్వర్టర్ క్లచ్‌ను ముందుగానే బిగించి, పుట్టే వేడిని తగ్గిస్తుంది. గేర్లకు అది వాడేది రెండే సొలనాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు. కరెంటు అందితే సొలనాయిడ్ రంధ్రం మూసుకుని వెనుక ప్రెషర్ నిలుస్తుంది, ఆగితే ఆ నూనె అడుగునున్న తొట్టి (పాన్)లోకి జారిపోతుంది. రెండూ ఆన్‌లో ఉంటే మొదటి గేరు, రెండవ సొలనాయిడ్ ఒక్కటే ఉంటే రెండో గేరు, రెండూ ఆగితే మూడో గేరు, మొదటిది ఒక్కటే ఉంటే నాలుగో గేరు.

ఈ అమరికలోని తెలివి బండి చెడినప్పుడు బయటపడుతుంది. తీగ తెగి కరెంటు పూర్తిగా పోతే సొలనాయిడ్లు రెండూ ఆగి మూడో గేరు మిగులుతుంది. ప్రెషర్‌ను అదుపు చేసే మరో సొలనాయిడ్‌కూ కరెంటు అందదు కనుక ప్రెషర్ గరిష్ఠ స్థాయికి చేరి క్లచ్ జారకుండా కాపాడుతుంది. రివర్స్ గేరు లివర్‌తో జరిగే వాల్వ్ ద్వారానే పడుతుంది కాబట్టి అదీ పని చేస్తుంది. బండి మొరాయిస్తూనైనా ఇల్లు చేరుతుంది. పాతదానిలో నైలాన్ చక్రం పళ్లు అరిగిపోతే బండి మొదటి గేరు దాటదు. అంతకన్నా ప్రమాదం కేబుల్ వదులుగా ఉండడం: ప్రెషర్ చాలక ప్లేట్లు జారుతుంటాయి, గేర్లు మెత్తగా పడుతున్నాయని నడిపేవాడు సంతోషిస్తుండగానే లోపల క్లచ్ మాడిపోతుంది.

రోజూ నడిపే బండికైతే ఎలక్ట్రానిక్ అదుపే మేలని నేను తడుముకోకుండా చెబుతాను. కార్బురేటర్ ఇంజన్ ఉన్న పాత కారును బాగు చేసుకునేవారి సంగతి వేరు. 4ఎల్60-ఇ కావాలంటే వారు విడిగా కంప్యూటర్, పెడల్ ఎంత తొక్కారో చెప్పే సెన్సార్, కొత్త వైరింగ్ అమర్చుకోవాలి. 700ఆర్4 అయితే ఆ బెడద చాలావరకు తప్పుతుంది, తప్పు ఎక్కడుందో ప్రెషర్ గేజ్‌తోనే చాలావరకు తెలిసిపోతుంది. కాకపోతే కార్బురేటర్ దగ్గర కేబుల్ తగిలించే బ్రాకెట్‌ను ఆ గేర్‌బాక్స్‌కు సరిపోయే కొలతతోనే కొనాలి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ చివరిదాకా లాగబడుతోందో లేదో బండిని రోడ్డెక్కించే ముందే చూసుకోవాలి.