గ్లైడర్‌లో ఎక్స్8ఆర్ రిసీవర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మూడు మీటర్ల రెక్కలున్న నా రేడియో కంట్రోల్ మోడల్ గ్లైడర్‌లో ఫ్రీస్కై ఎక్స్8ఆర్ రిసీవర్‌ను, చేతిలో పట్టుకుని నడిపే టారానిస్ ఎక్స్9డి ట్రాన్స్‌మిటర్‌తో కలిపి కొన్నేళ్లుగా వాడుతున్నాను. దీని రేంజ్ ఎంత అని అడిగేవారితో నేను ముందుగా యాంటెన్నాల సంగతే ఎత్తుతాను.

ఈ రిసీవర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెం.మీ.; అందులో నాలుగో వంతు, అంటే 31 మి.మీ. ఉండే యాంటెన్నా తీగ తొడుగులేని కొసే సిగ్నల్‌ను అందుకుంటుంది. కార్బన్ ఫైబర్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి, ఆ కొసను కార్బన్ బాడీ లోపల ఉంచితే సిగ్నల్‌కు అడ్డు కట్టినట్టే. నా గ్లైడర్ ముక్కు గ్లాస్ ఫైబర్‌దే అయినా, లోపల బ్యాటరీ, సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) కిక్కిరిసి ఉన్నందున, రెండు యాంటెన్నాల కొసలనూ సన్నని ప్లాస్టిక్ గొట్టాల్లోంచి బయటికి తీసి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉండేలా అమర్చాను.

ట్రాన్స్‌మిటర్‌ను రేంజ్ పరీక్షలో పెడితే ప్రసార శక్తి తగ్గి, సిగ్నల్ అందే దూరం మామూలు దూరంలో ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. గ్లైడర్‌ను నేల మీద కాకుండా ఛాతీ ఎత్తున్న చెక్క బల్ల మీద ఉంచి, 30 మీటర్ల దూరం నుంచి నేను ట్రాన్స్‌మిటర్ తెర మీద సిగ్నల్ బలాన్ని చూపే అంకెను (ఆర్ఎస్ఎస్ఐ) చూస్తుంటే, పక్కనున్న మిత్రుడు దాన్ని మెల్లగా అన్ని వైపులా తిప్పుతాడు. ముక్కు నా వైపున్నప్పుడు 58 చూపిన అంకె తోక తిరిగేసరికి 49కి దిగుతుంది, ఆయన శరీరం అడ్డొస్తే ఇంకా పడుతుంది. నాకు లెక్కలోకి వచ్చేది ఆ కనిష్ఠమే. అన్ని సర్వోలనూ ఒకేసారి ఆడిస్తూ ఇదే పరీక్ష మళ్లీ చేస్తాను. బ్యాటరీ వోల్టేజి జారితే అప్పుడే బయటపడుతుంది.

చాలామంది ఈ అంకెను శాతం అనుకుంటారు, అది శాతం కాదు. దూరం రెట్టింపైతే అది సుమారు 6 తగ్గుతుంది. హెచ్చరికలు మామూలుగా 45 దగ్గర, 42 దగ్గర మోగుతాయి కాబట్టి, నా 49ని పూర్తి శక్తికి మార్చి చూస్తే 900 మీటర్ల దగ్గర కూడా కొంత మిగులు ఉన్నట్టే, ఆ దూరంలో గ్లైడర్ ఎటు వాలిందో కళ్లకే సరిగా ఆనదు. గాలిలో వృత్తాలు తిరిగేటప్పుడు ప్రతి చుట్టులోనూ ఒకే చోట అంకె దిగుతుంటే, కొసల కోణాన్ని మళ్లీ సరిచూస్తాను.

ఫెయిల్‌సేఫ్‌లో, అంటే సిగ్నల్ తెగినప్పుడు రిసీవర్ తనంతట పాటించే అమరికలో, స్వల్ప మలుపు, తెరిచిన బ్రేకులు అమర్చుకుని, ట్రాన్స్‌మిటర్‌ను నేల మీదే ఆపి చూసుకుంటాను. 16.6 గ్రాముల బరువు పెద్ద గ్లైడర్‌కు లెక్క కాదు గానీ, సన్నని బాడీ ఉన్న చేతివిసురు గ్లైడర్లలో దీనికి చోటే దొరకదు. వాటికి చిన్న రిసీవర్‌నే ఎంచుకోవాలి.