ముసలి గుర్రం కోసం చాఫ్ కట్టర్: మూడేళ్లు వాడాక

గడ్డిని చిన్న ముక్కలుగా కోసే ఈ మిషన్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది, ముక్క ఎంత పొడుగుండాలో మార్చే గేర్ లివర్. ఒక రాత్రంతా నన్ను ఏడిపించిందీ అదే. మోటారు, చక్రం, రెండు బ్లేడ్లు ఏ గేదెల షెడ్డులో చూసినా ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను.

మా గుర్రం ముత్యానికి ఇప్పుడు 26 ఏళ్లు. స్వారీ నేర్పే చోట ఏళ్ల తరబడి పిల్లల్ని మోసి, మొయినాబాద్ దగ్గరున్న మా స్థలానికి వచ్చింది. మూడేళ్ల కింద ఒక పొద్దున గుర్రాన్ని చూసుకునే సాయిస్ భాయి ఫోన్ చేసి, "మేడం, ముత్యం గడ్డి తింటలేదు, నమిలి నమిలి ఊస్తున్నది" అన్నాడు. వెళ్లి చూస్తే తొట్టి కింద సగం నమిలిన గడ్డి ఉండలు, తడిగా, ఒక్కొక్కటీ కోడిగుడ్డంత. లద్దిలో పొడుగు పొడుగు పీచు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

డాక్టర్ గారు నోరు తెరిచి టార్చి వేసి చూపించారు. గుర్రం పన్ను ఏళ్ల తరబడి ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వస్తూనే ఉంటుంది, నమలడంతో అంతే అరుగుతూ ఉంటుంది. ముసలితనం వచ్చేసరికి చిగుళ్ల లోపల మిగిలిన పన్ను అయిపోతుంది. ముత్యానికి దవడ పళ్లు రెండు ఊడిపోయాయి, మిగతావాటిలో చాలావరకు నున్నగా అరిగిపోయాయి. "పదునెక్కిన పళ్ల మొనలు ఆకురాయితో అరగదీస్తాను. లేని పన్ను మాత్రం తేలేను. ఆ పని గడ్డిని కోసి మీరే చేయాలి" అన్నారాయన.

అలా రాణిగంజ్‌లో రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ కట్టర్ కొన్నాం. షాపాయన లివర్ కిందికి లాగి, సేమియా అంత సన్నగా కోసి చూపించి, "ఎంత సన్నగా ఉంటే అంత మంచిది మేడం" అన్నాడు. గేదెకు అది సరిపోతుందేమో. గుర్రానికి ముక్క మరీ చిన్నదైతే నమలకుండానే మింగేస్తుంది. నమలకపోతే లాలాజలం ఊరదు, పొడి ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. అందుకే మా డాక్టర్ అంగుళం, అంగుళంపావు ముక్కే కోయమన్నారు. లివర్ పైకి ఎత్తితే సరిగ్గా ఆ సైజే పడుతుంది. మొదటి రోజు దోసిట్లోకి తీసుకుని చూస్తే ప్రతి ముక్కా ఒకే పొడుగు, చివరలు నలగకుండా తెగి ఉన్నాయి. ముత్యం ముట్టెతో రెండుసార్లు కెలికి, తలెత్తకుండా తినేసింది. తొట్టి కింద ఒక్క ఉండ కూడా లేదు. రెండు నెలల్లో పక్కటెముకలు కప్పుకున్నాయి. అరగంట కోస్తే రెండు రోజుల మేత. ఆ రోజుల్లో కనిపించిన ప్రతి గుర్రం వాళ్లకూ ఈ మిషన్ కొనమని చెప్పాను.

ఏడో నెలలో, వానాకాలం సాయంత్రం, సగం గడ్డి కోశాక కరెంటు పోయింది. చక్రం ఆగిపోయింది. గంటన్నర తర్వాత కరెంటు వచ్చింది. అప్పటికి ముత్యం ఆకలితో గేటు తన్నుతోంది. తొందరలో ఆ మసక లైటు కిందే మిగతా సగం కోసి, పైపైన తీసి బకెట్‌లో వేశాం. రెండు నిమిషాలు కాలేదు, తినడం ఆపేసింది. మెడ ముందుకు చాచి, ఒళ్లంతా బిగబట్టి దగ్గింది. రెండు ముక్కు రంధ్రాల నుంచి గడ్డి కలిసిన ఆకుపచ్చ నురగ కారింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సాయిస్ భాయి మాత్రం బకెట్, నీళ్ల తొట్టి రెండూ లాగేసి, తల కిందికి ఉండేలా పట్టుకుని నిలబడ్డాడు. గుర్రానికి అడ్డం పడేది ఆహార నాళంలో, ఊపిరి ఆడుతూనే ఉంటుంది. కానీ ఆ నురగ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

డాక్టర్ వచ్చేసరికి పదిన్నర. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి గొట్టం దించి, గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పంపుతూ కడిగారు. ఒంటిగంటకు ముద్ద కదిలింది. ఆ తర్వాత అయిదు రోజులు పొద్దునా సాయంత్రం జ్వరం చూసుకోవడమే మా పని. 101 దాటిందా లేదా అన్న టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

పొద్దున కుప్ప విడదీసి చూస్తే విషయం తెలిసింది. అడుగున అంగుళం ముక్క, పైన సేమియా. లివర్‌ను పట్టి ఉంచే పిన్ను ఆ ఏడు నెలల అదురుకే అరిగిపోయింది. చక్రం ఆగినప్పుడు లివర్ తన బరువుకే కిందికి, అంటే చిన్న ముక్క వైపు జారింది. ఏది ఏ సైజో చెప్పే గుర్తు లివర్ మీద ఎక్కడా లేదు. షాపుకి ఫోన్ చేస్తే గ్యారంటీ మోటారుకే అన్నారు. పిన్ను పది రూపాయల ముక్క. దాన్ని గట్టి ఇనుముతో చేయకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా దగ్గరి లేతు వర్క్‌షాపులో స్టీలు పిన్ను చేయించి, రెక్కల నట్టు బిగించాం. పైన ఎర్ర పెయింట్, కింద తెల్ల పెయింట్ పూశాను. అప్పటి నుంచి మళ్లీ జారలేదు.

తప్పంతా లివర్‌దే అనలేను. ఆకలి మీదున్న గుర్రానికి పొడి మేత ఆబగా తిననివ్వడం కూడా కారణమేనని డాక్టర్ అన్నారు. ఇప్పుడు కోసిన గడ్డి అరగంట నానబెట్టాకే పెడతాం. ఎండాకాలంలో నానబెట్టింది మధ్యాహ్నానికే పులుస్తుంది, కాబట్టి రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా.

అరగంట కోస్తే రెండు రోజుల మేత అన్నాను కదా, అది బ్లేడ్లు పదునుగా ఉన్నప్పటి మాట. మాకు రెండు నెలలకోసారి సాన పట్టించాల్సి వస్తోంది. మొద్దుబారితే గడ్డి తెగదు, నలుగుతుంది, పొడుగు పీచు వస్తుంది, ఉండలు మళ్లీ మొదలు. మే నెలలో వోల్టేజీ తగ్గితే మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. దుమ్ము విపరీతం, మాస్క్ లేకుండా దగ్గరికి పోను. మోపు కట్టిన పురికొస, తీగ ముక్క ఒక్కటి కూడా లేకుండా చేత్తో వెతికాకే వేస్తాను. గడ్డిని లోపలికి లాగే రోలర్ల దగ్గరికి చెయ్యి పోకుండా కర్రతో తోస్తాం. చున్నీతో, గాజులతో, పిల్లలతో ఆ దరిదాపులకు పోవద్దు.

మాకు స్థలం ఉంది, రోజంతా కనిపెట్టుకుని ఉండే సాయిస్ ఉన్నాడు, గుర్రం ఒక్కటే. అందుకే ఈ మిషన్ మాకు కుదిరింది. గుర్రాన్ని ఎక్కడో క్లబ్బులో ఉంచి ఆదివారం చూసొచ్చేవాళ్లయితే, నానబెట్టి పెట్టే గడ్డి పెల్లెట్లే (గడ్డి పొడిని నొక్కి చేసిన గుళికలు) నయమేమో. పళ్లు పూర్తిగా పోయిన గుర్రానికి అంగుళం ముక్క కూడా పనికిరాదు. ముత్యానికి పోయినసారి చూసినప్పుడు ఇంకో పన్ను కదులుతోంది. పొద్దున మేతకు బదులు పెల్లెట్ల జావ మొదలుపెట్టాం. సాయంత్రం మాత్రం ఎర్ర పెయింట్ మీద లివర్ పెట్టి కోస్తున్నాం, మిషన్ చప్పుడు వినగానే గేటు దగ్గరికి వచ్చి నిలబడుతోంది.