బ్రెజిల్ వాళ్ళకి ఇంగ్లీష్ ప్రొనౌన్స్ (ఐ, యూ, హీ లాంటి సర్వనామాలు): టేబుల్ బట్టీ పట్టడమా, వాక్యాలతో నేర్చుకోవడమా, ఏది మేలు?

బ్రెజిల్‌లో మాట్లాడేది పోర్చుగీస్. ఆ భాష వాళ్ళ కోసం రాసిన ఇంగ్లీష్ పుస్తకం ఏది తిరగేసినా మొదట్లోనే ఒక టేబుల్ ఉంటుంది. ఎడమ పక్క వాళ్ళ మాట, కుడి పక్క ఇంగ్లీష్ మాట. ఎవు అంటే ఐ, వొసే అంటే యూ, ఎలి అంటే హీ, ఎల అంటే షీ, నోస్ అంటే వీ, ఎలిస్ అంటే దే. పదిహేను నిమిషాల్లో నోటికొచ్చేస్తుంది, అయిపోయింది అనుకుంటారు. రెండో దారి ఏంటంటే టేబుల్ జోలికే పోకుండా ఇట్ ఈజ్ రైనింగ్, షీ కేమ్ విత్ హర్ హస్బెండ్ లాంటి వాక్యాలు మొత్తంగా నోటికి అలవాటు చేసుకోవడం. ఆఫీసులో బ్రెజిల్ టీమ్‌తో రోజూ కాల్స్‌లో కూర్చుని వాళ్ళ ఇంగ్లీష్ వింటూ ఉంటా కాబట్టి ఈ రెండిట్లో ఏది ఎక్కడ పని చేస్తుందో నాకో అభిప్రాయం ఉంది, అది చెప్తా.

ముందు టేబుల్ పక్షాన మాట్లాడదాం, పాపం దాన్ని అందరూ ఊరికే తిడతారు. పోర్చుగీస్‌లో క్రియ మనిషిని బట్టి మారుతూనే ఉంటుంది, ఫాలు అంటే మాట్లాడతాను, ఫాల అంటే మాట్లాడతాడు, ఫాలాముస్ అంటే మాట్లాడతాం, అచ్చం మన తెలుగులో లాగే చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీష్‌లో ఆ గొడవ దాదాపు లేదు, హీ షీ ఇట్ పక్కన ఒక ఎస్ తగిలిస్తే చాలు, కానీ క్రియ ఏమీ చెప్పదు కాబట్టి ఐ, వీ, దే అనేవి ప్రతిసారీ పైకి అనాల్సిందే. ఈ సంగతి టేబుల్‌లో ఒక్క చూపులో కనిపిస్తుంది, వాక్యాల్లో అయితే చాలా తర్వాత గానీ అర్థం కాదు.

ఇంకొకటి, ఇంగ్లీష్‌లో మీ హిమ్ హర్ అస్ దెమ్ అనే వరస. బ్రెజిల్‌లో మాట్లాడేటప్పుడు 'అతన్ని చూశాను' అనడానికి ఎవు వీ ఎలి అంటారు, అంటే 'అతను'కి 'అతన్ని'కి ఒకటే మాట వాడేస్తారు, గ్రామర్ పుస్తకం ఒప్పుకోదు గానీ ఇంట్లో వీధిలో అందరూ అనేది అదే. దాంతో ఇంగ్లీష్‌లో ఐ సా హీ అని వచ్చేస్తుంది. పోర్చుగల్ వాళ్ళు మామూలు మాటల్లో కూడా దీనికి వేరే మాట వాడతారు కాబట్టి ఆ తేడా వాళ్ళకి చెవిలో ముందే ఉంటుంది. బ్రెజిల్ వాళ్ళకి మాత్రం ఐ-మీ, హీ-హిమ్, వీ-అస్ అని జంటలుగా రాసి బట్టీ పట్టించడమే మేలు, ఇక్కడ టేబుల్‌కి తిరుగులేదు.

తమాషా ఏంటంటే పరా మిం ఫజేర్ అనే మాట ఒకటుంది, 'నేను చెయ్యడానికి' అని అర్థం, కానీ పదం పదం చూస్తే ఇంగ్లీష్ ఫర్ మీ టు డూ లాగే ఉంటుంది. బ్రెజిల్ స్కూళ్ళలో అది తప్పు, పరా ఎవు ఫజేర్ అనాలి అని టీచర్లు పిల్లల్ని తెగ దిద్దుతారు. తీరా ఇంగ్లీష్‌కి వస్తే ఆ తిట్లు తిన్న రూపమే కరెక్ట్!

ఇప్పుడు టేబుల్ ఎక్కడ ముంచుతుందో చూద్దాం. యూ అనే వరస చూడండి. పాత పద్ధతి టేబుల్‌లో తూ (నువ్వు), వోస్ (మీరంతా) అని ఉంటాయి, వోస్ అనేది ప్రార్థనల్లో తప్ప బ్రెజిల్‌లో మామూలు మనుషులు ఎవరూ అనరు. తూ అనేది పోర్చుగల్‌లో దగ్గరివాళ్ళ మధ్య రోజూ వాడతారు, బ్రెజిల్‌లో అయితే దక్షిణాన రియో గ్రాండీ దో సుల్‌లో, ఉత్తరాన కొన్ని చోట్ల బాగా వినిపిస్తుంది, చాలా చోట్ల వొసేనే. ఈ వొసే కూడా ఒకప్పుడు వొస్సా మెర్సే అనే మర్యాద మాట, అరిగి అరిగి ఇలా అయింది, అందుకే ఇప్పటికీ దాని పక్కన క్రియ 'అతను'కి వచ్చినట్టు వస్తుంది. పెద్దవాళ్ళని ఉ సిన్యోర్, అ సిన్యోర అంటారు, మన నువ్వు-మీరు లెక్క. ఇవన్నీ కలిపి ఇంగ్లీష్‌లో ఒక్క యూ. నేర్చుకునేవాళ్ళకి ఇది హాయి, ఎవరిని ఏమనాలో అనే టెన్షన్ లేదు. ఒకేసారి చాలామందితో అయితే యూ గైజ్ అనో యూ ఆల్ అనో అనుకుంటే సరిపోతుంది.

వీ దగ్గర ఇంకో తిరకాసు. టేబుల్‌లో నోస్ అని ఉంటుంది, కానీ బ్రెజిల్ మనిషి రోజంతా అనేది 'ఆ జెంచి'. 'జనం' అనే మాటలోంచి వచ్చింది, అర్థం 'మేము' లేదా 'మనం', క్రియ మాత్రం ఏకవచనం. రోజూ వాడే మాట టేబుల్‌లో లేకపోతే ఇక ఆ టేబుల్ ఎందుకు? అందుకే అప్పుడప్పుడు వీ అనాల్సిన చోట ద పీపుల్ అని దొర్లుతుంది, విన్నవాడు ఏ పీపుల్ అని వెతుక్కుంటాడు.

అసలు పెద్ద గొడవ ఇట్‌తో. పోర్చుగీస్‌లో 'అది' అని వాడుకోవడానికి ఇట్ లాంటి మాట లేదు, బల్ల ఆడది, కారు మగది, అన్నిటికీ ఎలి ఎల అనే రెండే. టేబుల్ రాసేవాడు ఏం చేస్తాడు, ఎలి పక్కన హీ, ఎల పక్కన షీ రాసేసి, కింద మళ్ళీ ఎలి/ఎల అని రాసి పక్కన ఇట్ పెడతాడు. చదివేవాడికి ఇట్ అంటే ఏదో మూడో కృష్ణుడు అనిపిస్తుంది, ఎప్పుడు వాడాలో తెలీదు, మై కార్ ఈజ్ ఓల్డ్ బట్ హీ ఈజ్ గుడ్ అంటాడు. సరే, ఇది వింటే నవ్వొస్తుంది, అర్థమైతే అవుతుంది.

అర్థం కానిది ఇంకోటి ఉంది. వాళ్ళ భాషలో చాలా చోట్ల ఇట్‌కి బదులు ఏమీ ఉండదు. వాన పడుతోంది అనడానికి ఇస్తా షొవెండు, చలిగా ఉంది అనడానికి ఇస్తా ఫ్రీవు, కర్త అనేవాడే లేడు. దాంతో ఈజ్ రైనింగ్, ఈజ్ కోల్డ్, ఈజ్ ఇంపార్టెంట్ అని సగం నుంచి మొదలవుతుంది. ఇక కర్మ కూడా మింగేస్తారు, 'పుస్తకం కొన్నావా' అంటే కొంప్రేయ్ అని ఒక్క మాట, మనం 'కొన్నా' అన్నట్టే. ఈ విషయంలో వాళ్ళకీ మనకీ ఒకటే జబ్బు, మనవాళ్ళు కూడా యెస్ యెస్ ఐ బాట్ అనేవాళ్ళే కదా. మా కాల్‌లో ఒకమ్మాయి ఈజ్ రెడీ, ఐ సెంట్ యెస్టర్డే అంది, అవతల క్లయింట్ ఏది రెడీ, ఏం పంపావు, రిపోర్టా ఇన్వాయిసా అని అడిగాడు, ఆ అమ్మాయి మళ్ళీ యెస్ ఐ సెంట్ అంది. గ్రామర్ తెలీక కాదు, రాసి ఇవ్వమంటే ఇట్ పెట్టి నీట్‌గా రాస్తుంది, నోట్లో మాత్రం ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. ఖాళీగా ఉన్నదాన్ని టేబుల్ ఎలా చూపిస్తుంది చెప్పండి, ఎడమ పక్క రాయడానికి మాట ఉంటే కదా! ఇక్కడ వాక్యాలదే పైచేయి, ఇట్స్ రైనింగ్, ఇట్స్ లేట్, ఐ సెంట్ ఇట్, ఐ లైక్ ఇట్ అని అతుక్కుపోయిన ముక్కలుగా నోటికి పట్టించాలి, విడగొట్టి చెప్పకూడదు.

హిజ్, హర్ దగ్గర రెండు దారులూ కొంచెం తడబడతాయి. పోర్చుగీస్‌లో 'అతని', 'ఆమె' అనడానికి వాడే సెవు, సువ అనేవి ఎవరిది అనేదాన్ని బట్టి కాదు, ఏ వస్తువు అనేదాన్ని బట్టి మారతాయి. మొగుడు మగవాడు కాబట్టి సెవు మరీడు, చెల్లెలు ఆడపిల్ల కాబట్టి సువ ఇర్మా. అందుకే మరియా కేమ్ విత్ హిజ్ హస్బెండ్ అని తడుముకోకుండా అనేస్తారు, మనకి మరియా ఎవరి మొగుణ్ణి తీసుకొచ్చిందా అని డౌటు. పైగా సెవు అంటే 'నీ' అని కూడా అర్థం, కాబట్టి జువాఁవ్ వాడి ఫోన్ మర్చిపోయాడు అనబోయి యువర్ ఫోన్ అనడం కూడా ఉంది. మన 'తన'లో కూడా ఆడా మగా తెలీదు గానీ పక్కనున్న పదాన్ని బట్టి రంగు మార్చదు, అందుకని మనకి ఈ బాధ అంతగా లేదు.

దీనికి వాక్యాలు ఎన్ని వల్లించినా కొత్త వాక్యంలో మళ్ళీ సెవు వచ్చి కూర్చుంటుంది, టేబుల్‌లో సెవు పక్కన హిజ్ హర్ యువర్ అన్నీ రాస్తే ఇంకా గందరగోళం. మందు వాళ్ళ భాషలోనే ఉంది: డేలి అంటే అతనిది, డెల అంటే ఆమెది. సెవు మరీడు బదులు ఉ మరీడు డెల అని కూడా వాళ్ళు మామూలుగా అంటారు. కాబట్టి టేబుల్‌లో సెవు కొట్టేసి డేలి పక్కన హిజ్, డెల పక్కన హర్ అని రాస్తే చాలు, మాట్లాడే ముందు మనసులో డేలియా డెలనా అని ఒక్కసారి అనుకుంటే తప్పు బాగా తగ్గుతుంది.

వాక్యాల దారికి ఉన్న లోపం నిదానం, ఓపిక కావాలి, పక్కన దిద్దేవాళ్ళు కావాలి. స్కూల్లో నలభై మందితో అది జరగదు, అందుకే బ్రెజిల్‌లో ఏళ్ళ తరబడి వెర్బు టు బీ తప్ప ఇంకేం చెప్పలేదు అని వాళ్ళమీద వాళ్ళే జోకులేసుకుంటారు. ఐ యామ్, యూ ఆర్, హీ ఈజ్ అని ప్రతి క్లాసులో మళ్ళీ మొదటినుంచి.

నన్నడిగితే సొంతంగా నేర్చుకునే బ్రెజిల్ మనిషి ఇట్ సంగతి వాక్యాలతోనే మొదలుపెట్టాలి, అదీ మొదటి వారం నుంచే, ఎందుకంటే ముదిరితే వదలడం కష్టం. ఐ-మీ జంటలకీ, డేలి-డెలకీ టేబుల్ రాసుకుని గోడకి అంటించుకోవచ్చు. యూ, వీ, దే మీద టైం పెట్టక్కర్లేదు, వీ పక్కన ఆ జెంచి అని పెన్నుతో రాసుకుంటే సరి. పరీక్ష రాసేవాళ్ళ లెక్క వేరు, ఖాళీలు పూరించే ప్రశ్నలకి టేబుల్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, మార్కులు పడతాయి, ఆ పై వారం కాల్‌లో మళ్ళీ ఈజ్ రెడీ అంటారు. ఇక ఒక్క మనిషికే దే వాడటం, సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ బ్యాగ్ లాంటివి ఉన్నాయి చూశారా, అవి కాస్త ఆగి నేర్చుకుంటే చాలు, ముందు ఆ బ్యాగ్‌ని షీ అనడం మానాలి.