శిక్షణ తరగతా, సీనియర్ పక్కన కుర్చీనా?

కావలి దగ్గర మా బడికి డీఎస్సీలో ఎంపికైన ఓ కొత్త టీచరమ్మ వచ్చింది. "ఒకటో తరగతికి చదవడం నేర్పాలంటేనే టెన్షన్‌గా ఉంది సార్" అంది మొదటిరోజే. ముందు శిక్షణకు వెళ్లాలా, సీనియర్ టీచర్ క్లాసులో పక్కన కుర్చీ వేసుకుని చూడాలా?

శిక్షణలో దొరికేది క్రమం. ముందు శబ్దం, తర్వాత అక్షరం, గుణింతం, ఒత్తులు ఎలా తేవాలో చెబుతారు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యమేమిటో కూడా తెలుస్తుంది. కానీ అక్కడ పిల్లల వేషం వేసేది తోటి టీచర్లే. వాళ్లు ఒక్క తప్పూ చదవరు కదా!

సీనియర్ క్లాసులో తప్పులే ఎక్కువ. ఒకడు "పలక"ను "వలక" అన్నాడు. మా సీనియర్ మేడమ్ వాణ్ణి దిద్దలేదు. పలక మీద ప, వ పక్కపక్కనే రాసి "తేడా ఎక్కడుందో నువ్వే చెప్పు నాన్నా" అంది. వాడు వేలితో రెండిటినీ దిద్ది, కాసేపు చూసి, నవ్వాడు. వాడు నోరు విప్పేదాకా ఆగడం ఏ హాల్లో నేర్పుతారు?

అయితే సీనియర్లకూ పాత అలవాట్లుంటాయి. కోరస్‌గా చదివిస్తే పుస్తకం మూసినా పిల్లలు పాఠం అప్పజెప్పేస్తారు. అది చదవడం కాదు. పైగా ఏకోపాధ్యాయ బడిలో సీనియర్ ఎక్కడ?

నన్నడిగితే తోడుండే చోట ముందు రెండు వారాలు కుర్చీ, ఆ తర్వాతే శిక్షణ. అప్పుడైతే అడగడానికి ప్రశ్నలుంటాయి.